దెయ్యమా, జబ్బా, పూనకమా?



మాస్టారిని ఈ ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఊరందరికీ ఆయన మాస్టారే. ఈ సభలో నేనూ అలాగే అంటాను. పగలు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పేవారు, శనివారం రాత్రుళ్లు ఈ లైబ్రరీ మేడమీద సినిమాలు వేసేవారు. అద్దెకు తెచ్చిన వీసీపీ, అరువు టీవీ, తుంగచాపలు, సినిమా అయ్యాక అల్లం టీ. చూసిన ప్రతి సినిమాకీ రూళ్ల నోటుబుక్కులో ఒక వరస రాసుకునేవారు. మొదటి గడిలో సినిమా పేరు, రెండో గడిలో చూసిన తేదీ, మూడో గడిలో ‘జాతి’, నాలుగో గడిలో ‘ఎందుకంటే’. నాలుగో గడి మిగతా మూడింటిని కలిపినంత వెడల్పు ఉండేది.

ఆయన స్మృతిలో మాట్లాడమని కమిటీవారు అడిగినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఒక రాత్రి. 1995 ప్రాంతం. మలయాళం ‘మణిచిత్రతాళు’ క్యాసెట్ ఎవరో తెచ్చారు. కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా లేవు. ఆస్పత్రిలో పనిచేసే కేరళ నర్సమ్మగారిని మాస్టారు బతిమాలి పిలిపించారు. ఆవిడ టీవీ పక్కన ముక్కాలిపీట వేసుకుని మాటలు తెలుగులో చెబుతూ ఉంటే చూశాం. సినిమా పదకొండుకి అయిపోయింది. వాదన మాత్రం రెండున్నర దాకా సాగింది. వాదన ఒక్కటే: ఇది దెయ్యం సినిమానా, కాదా?

కరెంటు పని చేసే మా మిత్రుడు, దెయ్యమే లేనప్పుడు దెయ్యం సినిమా ఎలా అవుతుందన్నాడు. అమ్మాయికి మనసు జబ్బు, డాక్టరు నయం చేశాడు, అంతే. బజారులో టైలర్ కొట్టు పెట్టుకున్న పెద్దాయన ఒప్పుకోలేదు. రెండు గంటలసేపు అందరం చాపమీద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం కదా, చివరి పది నిమిషాల్లో డాక్టరు ఏదో చెప్పాడని ఆ భయం వెనక్కి పోతుందా అని అడిగారు. నర్సమ్మగారు ఊరుకున్నారు. అందరూ అడగ్గా అడగ్గా, మా వైపు ఇలాంటిది వస్తే ఆస్పత్రికీ తీసుకెళ్తారు, గుడికీ తీసుకెళ్తారు, రెంటిలో ఏది ముందన్నదే ఇంట్లో గొడవ అన్నారు. మాస్టారు మూడో గడిలో ‘దెయ్యం’ అని రాసి కొట్టేశారు. ‘మనోవైజ్ఞానికం’ అని రాసి అదీ కొట్టేశారు. తర్వాత నాలుగో గడి మొదలుపెట్టారు.

ఆ రాత్రి జరిగిన వాదనే నా ఉపన్యాసం. సినిమాలను, వాటిలో పదేపదే వచ్చే కథాపోకడలను ఏ గూట్లో పెట్టాలన్న తగాదా అభిమానులు ఉన్నచోటల్లా ఉంటుంది. హాస్టల్ గదుల్లో, టీ కొట్ల దగ్గర, అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లల డ్రాయింగు రూముల్లో కూడా ఉంటుంది. పనిలేని వాదన అని దాన్ని తోసెయ్యడం మనకు అలవాటు. నేను అలా అనుకోను. ఒక కథను దగ్గరగా చూడటానికి మామూలు మనిషికి దొరికిన మంచి దారి ఇదే అనుకుంటాను.

పదేపదే వచ్చే కథాపోకడను ఇంగ్లీషు అభిమానులు ట్రోప్ అంటారు. మన ఆలంకారికులకు దీనికి దగ్గరి మాట ఒకటుంది: కవిసమయం. చకోరం వెన్నెల తాగుతుంది, హంస పాలనూ నీళ్లనూ విడదీస్తుంది. నిజంగా అలా జరుగుతుందా అని ఎవరూ అడగరు. కవులూ పాఠకులూ కలిసి ఒప్పుకున్న మాట అది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో వీటిని భూమికి సంబంధించినవి, స్వర్గానికి సంబంధించినవి, పాతాళానికి సంబంధించినవి అని విడదీసి చర్చించాడు. దెయ్యాల కొంపలో కరెంటు పోవడం, పిల్లికి ముందు తెలియడం, వద్దన్న గది తలుపే తెరవడం సినిమావాళ్ల కవిసమయాలు. వీటిని నేను కథాసమయాలు అంటాను. ఈ మాట బాగుందో లేదో మీరు చెప్పాలి.

కథల్లో ఇలాంటి ముక్కలను పోగుచేసి అంకెలు వేసే పని సినిమా కంటే ముందు జానపద కథల దగ్గర మొదలైంది. ఫిన్లాండు పండితుడు ఆంటీ ఆర్నె 1910లో కథల రకాల పట్టిక ఒకటి వేశాడు. అమెరికన్ స్టిత్ థాంప్సన్ దాన్ని 1928లో, మళ్లీ 1961లో పెంచాడు. 2004లో జర్మన్ పండితుడు ఊథర్ దాన్ని తిరగరాశాడు. ఆ పట్టికలో 302 నంబరు కథ ఒకటుంది. రాక్షసుడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు, ఎక్కడో దూరాన గుడ్డులోనో పక్షిలోనో దాచి ఉంటుంది. ఇది వినగానే ఈ సభలో సగంమందికి మాయల మరాఠీ గుర్తొచ్చి ఉంటాడు. ఏడు సముద్రాల అవతలి చిలకలో వాడి ప్రాణం. బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసుకుపోయిన ఆ మరాఠీని 1942 జెమినీవారి సినిమాలో గోవిందరాజుల సుబ్బారావుగారు వేస్తే, కాంచనమాల బాలనాగమ్మ.

ఒక చిన్న సంగతి చెప్పనివ్వండి. బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రియర్ కూతురు మేరీ ఫ్రియర్ తన ఆయా అన్నా లిబరాటా డిసౌజా చెప్పిన కథలను 1868లో ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ అనే పుస్తకంగా వేసింది. అందులో మొదటి కథ ‘పంచ్‌కిన్’. మాంత్రికుడు ఒక రాణిని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వాడి ప్రాణం అడవిలో నీళ్లకుండల కింద ఉన్న పంజరంలో, పచ్చని చిలకలో ఉంటుంది. ఆమె కొడుకు పెద్దవాడై చిలకను తెచ్చి తల్లిని విడిపిస్తాడు. ఆ రాణి పేరు బాల్నా. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మన బుర్రకథల బాలనాగమ్మ ఎన్ని నోళ్లు దాటి ఆ ఆయా నోటికి చేరిందో, లేక రెండూ ఏ తల్లి కడుపున పుట్టాయో!

మా మేనకోడలు హ్యారీ పోటర్ చదివే రోజుల్లో, విలన్ తన ఆత్మను ముక్కలు చేసి వస్తువుల్లో దాచుకున్నాడని వాళ్ల నాయనమ్మకు చెబుతోంది. ఆవిడ పప్పులో రాళ్లు ఏరుతూ, మరాఠీ చిలకలో పెట్టుకున్నట్టా అని అడిగింది. ఇద్దరూ ఒకే వంటింట్లో కూర్చుని 302 నంబరు కథ గురించి మాట్లాడుకున్నారు. ఆ నంబరు ఇద్దరికీ తెలియదు, తెలియనక్కరా లేదు. అయితే వాళ్లకు పోలిక దొరికింది. వర్గీకరణ అనేది పుట్టే చోటు అదే.

పట్టికలు వేసినవాళ్లకు చిక్కులు కూడా అక్కడే వచ్చాయి. రష్యన్ పండితుడు వ్లదిమీర్ ప్రాప్ 1928లో ఆర్నె పట్టికను పట్టుకుని గట్టిగా తర్కించాడు. జంతువుల కథలు ఒక గూడు, మాయల కథలు ఇంకో గూడు అన్నావు, మరి మాయలు చేసే జంతువు ఉన్న కథ ఎక్కడికి పోతుంది అన్నది ఆయన అభ్యంతరం. పాత్ర ఎవరన్నది పక్కన పెట్టి, ఆ పాత్ర కథలో ఏం చేస్తుందో చూడమన్నాడు. వంద రష్యన్ కథలు తీసుకుని ముప్పై ఒక్క పనులు తేల్చాడు. ఇల్లు వదలడం, వద్దన్నది చెయ్యడం, మోసపోవడం, సాయం దొరకడం, అలా. పిల్లను ఎత్తుకుపోయింది డ్రాగనైనా మాంత్రికుడైనా కథలో పని ఒక్కటే.

ఇది సినిమా తగాదాలకు నేరుగా పనికొస్తుంది. మనవాళ్లు చాలామంది సినిమాను అందులోని సరుకును బట్టి గూట్లో వేస్తారు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, తెల్లచీర, పాడుబడ్డ బంగ్లా ఉంటే దెయ్యం సినిమా. ఆ లెక్కన అందమైన బంగ్లా చూపించే ప్రేమకథల్లో సగం అనుమానాస్పదమే. సరుకును వదిలేసి, ఆ దెయ్యం కథలో ఏం పని చేస్తోందని అడగండి. మన తెలుగు దెయ్యం ఎక్కువసార్లు ఫిర్యాదుదారు. ఎవరో చంపారు, ఎవరో మోసం చేశారు, కేసు ఏ స్టేషన్లోనూ నమోదు కాలేదు. అందుకే తిరిగొచ్చింది. తమిళం నుంచి వచ్చిన ‘కాంచన’లోనూ చూడండి, దెయ్యం పగతీర్చుకునే వేళకు హాలంతా దాని పక్షమే. భయంతో మొదలై న్యాయంతో ముగిసే ఈ పోకడకు హారర్ అన్న మాట చాలదు. దీనికి మనం ఒక పేరు పెట్టుకోవాలి.

పేరు పెట్టడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి అమెరికా వెళ్తాను. 1970ల చివర అక్కడ స్లాషర్ సినిమాలు వెల్లువెత్తాయి. ముసుగు మనిషి, గుంపుగా కుర్రకారు, ఒక్కొక్కరుగా చావడం, చివరికి ఒక అమ్మాయి మిగిలి వాడికి ఎదురు నిలవడం. విమర్శకులు వాటివైపు చూసేవాళ్లు కాదు. స్కాండినేవియా మధ్యయుగపు సాగాలను బోధించే పండితురాలు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్న కరోల్ క్లోవర్ చూసింది. 1987లో ఒక వ్యాసం రాసి, చివరికి మిగిలే ఆ పిల్లకు ‘ఫైనల్ గాళ్’ అని పేరు పెట్టింది. 1992లో అది పుస్తకంలో భాగమైంది. ‘టెక్సస్ చైన్ సా మాసకర్’లో సాలీ, ‘హాలోవీన్’లో లారీ. హాల్లో కూర్చున్న మగపిల్లలు తొలుత హంతకుడి చూపుతో చూస్తారు, ఆఖరికి ఈ అమ్మాయి ప్రాణంతో ఊపిరి పీలుస్తారు అన్నది ఆవిడ వాదం. అదీ అందులో అసలు విషయం.

అభిమానుల నోట్లో పడేసరికి అది కాస్తా ‘కన్నెపిల్ల బతుకుతుంది, తిరిగే పిల్ల చస్తుంది’ అన్న సూత్రంగా అరిగిపోయింది. మళ్లీ దాన్ని సరిదిద్దినవాళ్లలో అభిమానులే ఎక్కువ. 1974లో కెనడాలో తీసిన ‘బ్లాక్ క్రిస్మస్’ను బయటికి తీశారు. అందులో చివరిదాకా పోరాడే జెస్ గర్భవతి, గర్భం తీయించుకోవాలని నిశ్చయించుకున్న పిల్ల. సూత్రం పుట్టకముందే దాన్ని కాదన్న అమ్మాయి ఉంది. 1996 ‘స్క్రీమ్’లో పాత్రలే కూర్చుని ఈ నియమాలు చెప్పుకుంటాయి, సిడ్నీ ఆ నియమం మీరి కూడా బతుకుతుంది. ‘ఏలియన్’లో రిప్లీ ఫైనల్ గాళా కాదా, అంతరిక్షంలో ఓడ ఉంటే స్లాషర్ అనవచ్చా అని ఇప్పటికీ కొట్టుకుంటారు. కొట్టుకోనివ్వండి. ఒక పేరు పెట్టారు కాబట్టి ఆ పేరుకు లొంగని అమ్మాయిలు కనిపించారు. పేరే లేకపోతే జెస్‌ను ఎవరు వెతికేవారు?

అదే పేరును మన ‘అరుంధతి’కి తగిలిస్తే మాత్రం నాకు కష్టంగా ఉంటుంది. 2009లో ఆ సినిమా వచ్చినప్పటి నుంచి, తెలుగు ఫైనల్ గాళ్ అంటే అరుంధతి అని మా విద్యార్థులే నాతో అన్నారు. చివరికి మిగిలి విలన్‌ను చంపుతుంది కాబట్టి కొంత నిజమే. కానీ ఫైనల్ గాళ్ ఒంటరి. ఆమెకు ఇల్లు సాయపడదు, పోలీసులు సాయపడరు, చేతికి దొరికిన వస్తువే ఆయుధం. అరుంధతి వెనక వంశముంది, ముందు జన్మముంది, తన కోసం ప్రాణమిచ్చిన జేజమ్మ తానే. ఆ జేజమ్మ ఎముకలతో చేసిన ఆయుధమే విలన్ పశుపతిని చంపేది. వెన్నెముక ఇచ్చి ఇంద్రుడికి వజ్రాయుధం చేయించిన దధీచి కథ అది. ఆ పిల్లను తీసుకెళ్లి అమెరికా గూట్లో కూర్చోబెడితే దధీచి బయటే నిలబడిపోతాడు. బనగానపల్లెలో ఆ సినిమా తీసిన బంగ్లాను జనం ఈనాటికీ అరుంధతి బంగ్లా అనే అంటారు. జనం పేరు పెట్టే పద్ధతి అది. వాళ్లు ఆ ఇంటిని ఒక మనిషికి అప్పగించారు.

ఇక టైలరుగారి ప్రశ్న. భయపడ్డామా లేదా అన్నది ఆయన కొలబద్ద. ఇది సరుకునూ చూడదు, పనినీ చూడదు. చూసేవాడి గుండెను చూస్తుంది. ఆయనకు తెలియకుండానే భరతుడి పక్షాన నిలబడ్డారు. నాట్యశాస్త్రంలో భయానకం వేరు, బీభత్సం వేరు. మొదటిదానికి స్థాయీభావం భయం, రెండోదానికి జుగుప్స. భయానకం నలుపు, బీభత్సం నీలం. బీభత్సం నుంచి భయానకం పుడుతుందని కూడా అన్నాడు. ఇంగ్లీషులో హారర్ అన్న ఒక్క మాట ఈ రెంటినీ కలిపి కట్టేసింది. అమెరికన్ తత్త్వవేత్త నోయెల్ కారల్ 1990లో హారర్ మీద పుస్తకం రాసినప్పుడు, భయమూ అసహ్యమూ రెండూ కలిసి పుట్టాలి, ప్రకృతి లెక్కలకు అందని జీవి ఉండాలి అని షరతులు పెట్టాడు. ఆ షరతుల ప్రకారం హిచ్‌కాక్ ‘సైకో’ హారర్ అవదు. నార్మన్ బేట్స్ మనిషి కదా. హారర్ అభిమానులు దీన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. కొలబద్ద చేతిలో పెట్టుకుని, కొలవడానికి వచ్చినవాడు పొడుగయ్యాడని గెంటేసినట్టుంది.

రెండు రసాలను విడిగా పెట్టుకుంటే కొన్ని తగాదాలు వాటంతట అవే తీరుతాయి. ‘టెక్సస్ చైన్ సా మాసకర్’ పేరు విని నెత్తురు ఏరులై పారుతుందనుకుంటారు. చూస్తే తెరమీద నెత్తురు చాలా తక్కువ. అది భయానకం. ఈ మధ్య వచ్చే కొన్ని సినిమాల్లో ఒళ్లు కోయడం తప్ప ఏమీ ఉండదు, అవి బీభత్సం, భయం వాటిలో చిటికెడు. విఠలాచార్యగారి దెయ్యాలు కాళ్లు పొయ్యిలో పెట్టి వంట చేస్తుంటే పిల్లలం కేరింతలు కొట్టేవాళ్లం. అది అద్భుతం, హాస్యం. ‘ప్రేమ కథా చిత్రమ్’ తర్వాత హారర్ కామెడీ అనే జాతి కొత్తగా పుట్టిందని పత్రికలు రాశాయి. దానికి తాత విఠలాచార్యగారు.

ఇప్పుడు ‘మణిచిత్రతాళు’ దగ్గరికి తిరిగొస్తాను. ఫాజిల్ దర్శకుడు, మధు ముట్టం రచయిత, 1993 సినిమా. శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. పాత ఇంట్లో మూసిన గది తాళం గంగ తీయిస్తుంది. ఒకప్పుడు ఆ ఇంటి పెద్ద బలవంతంగా తెచ్చి చంపిన నాట్యకత్తె నాగవల్లి కథ వింటుంది, విని విని తానే నాగవల్లి అవుతుంది.

బల్గేరియాలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడ్డ తోదొరోవ్ 1970లో ఇలాంటి కథల గురించే రాశాడు. జరిగింది మన లోకపు లెక్కకు అందేదా, అందనిదా అని పాఠకుడు ఊగిసలాడినంతసేపే అది ఆ జాతి కథ. చివరికి లెక్క కుదిరితే ఒక పక్కకు ఒరుగుతుంది, దెయ్యం నిజమని తేలితే రెండో పక్కకు ఒరుగుతుంది. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ అయితే ఆఖరి వాక్యం దాకా ఏ పక్కకూ ఒరగదు. మనకు యండమూరిగారి ‘తులసిదళం’ ఉంది. ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చేటప్పుడు వైద్యమూ మంత్రమూ పక్కపక్కనే నడుస్తుంటే, ఊళ్లో ఇళ్లు రెండు పక్షాలయ్యేవి. రంగనాయకమ్మగారు ఆ నవలపై ఏకంగా పుస్తకమే రాసి ఖండించారు. కథ ఏ గూటికి చెందుతుందన్న ప్రశ్న మనదగ్గర అంత వేడిగా ఉండేది.

తోదొరోవ్ తక్కెడలో వేస్తే ‘మణిచిత్రతాళు’ డాక్టరు వైపు ఒరగాలి. కరెంటు మిత్రుడు గెలవాలి. కానీ చివరి ఘట్టం చూడండి. మోహన్‌లాల్ వేసిన డాక్టరు తనతోపాటు తిలకన్ వేసిన తాంత్రికుణ్ని కూర్చోబెట్టుకుంటాడు. ముగ్గు వేయిస్తాడు, మంటలు పెట్టిస్తాడు. నాగవల్లి చేతికి కత్తి ఇచ్చి, ఆమె శత్రువు స్థానంలో బొమ్మను ఉంచి, పగ తీర్చుకోనిస్తాడు. పగ తీరాక నాగవల్లి వెళ్లిపోతుంది. వైద్యుడు మంత్రగాడి దారిలో నడిచి రోగం నయం చేశాడు. ‘సైకో’ చివర వచ్చే డాక్టరు వివరణ చెప్పి వెళ్లిపోతాడు. ఈయన వివరణతో సరిపెట్టుకోలేదు, దెయ్యానికి న్యాయం చేశాడు. ఇందాక చెప్పిన ఫిర్యాదుదారు దెయ్యం కేసు ఇక్కడ జబ్బు వేషంలో నడిచింది.

ఈ సినిమా భాష మారినప్పుడల్లా ఏం జరిగిందో చూస్తే ఇంకా ఆశ్చర్యం. మలయాళం ఇంట్లో నాగవల్లి తమిళం మాట్లాడుతుంది. కన్నడ ‘ఆప్తమిత్ర’లో, 2004లో, ఆమె తెలుగు మనిషి. మరుసటి ఏడు తమిళ ‘చంద్రముఖి’లోనూ తెలుగు నాట్యకత్తే. తమిళ ప్రేక్షకులు జ్యోతిక నోట తెలుగు పాట విన్నారు. 2007లో హిందీ ‘భూల్ భులయ్యా’లో మంజులిక బెంగాలీ. ప్రతి ఇంట్లోనూ లోపలి ఆడమనిషి పక్కింటి భాష మాట్లాడింది. పట్టినది పరాయిదని జనానికి గుర్తుపట్టించే కథాసమయం ఇది. ఊళ్లో దెయ్యం పట్టిన మనిషి రాని భాషలో మాట్లాడిందని మన పెద్దవాళ్లు చెప్పుకునేవారు కదా, అదే. నా మట్టుకు నేను ఈ ఒక్క పోకడ మీద ఎవరైనా ఒక పుస్తకం రాస్తే కొనుక్కుని చదువుతాను.

కన్నడంలోనూ తమిళంలోనూ ఇంకో వస్తువు చేరింది. బంగ్లాలో తిరిగే పెద్ద పాము. దానికి కథ ఎక్కడా కారణం చెప్పదు. అమ్మాయికి నయమయ్యాక అది తన దారిన వెళ్లిపోతుంది. డాక్టరు వివరణకు లొంగకుండా మిగిలిన ఆ పాము టైలరుగారి పక్షం. 2022 ‘భూల్ భులయ్యా 2’ వచ్చేసరికి దెయ్యం నిజంగా దెయ్యమే అయింది. ఒక్క పేరు కింద ఒకసారి జబ్బు, ఒకసారి దెయ్యం. గూడు మార్చింది ప్రేక్షకులా, నిర్మాతలా అని వాదించుకోవడానికి ఇంకో శనివారం కావాలి.

ఆస్పత్రి ముందా, గుడి ముందా అన్న నర్సమ్మగారి మాట చివరికి దాచుకున్నాను. ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది అందులోనే ఉంది. ఇంగ్లీషులో ఒక శక్తి మనిషిలోకి వస్తే దానికి ఉన్నది పొసెషన్ అన్న ఒకే మాట. మన దగ్గర అమ్మవారు వస్తే పూనకం, దెయ్యం వస్తే పట్టడం. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడి భవిష్యత్తు చెప్పే ఆవిడ ముందు జనం చేతులు జోడిస్తారు, అడుగుతారు, తిట్లు తింటారు. ఎవరూ వెళ్లగొట్టాలనుకోరు. అదే ఇంకో ఇంట్లో ఇంకో ఆడమనిషి ఊగితే వేపమండలు, భూతవైద్యుడు. గాలి సోకడం ఇంకొకటి, దిష్టి ఇంకొకటి. ఎవరో చేయిస్తే చేతబడి, తెలంగాణలో బాణామతి, గోదావరి వైపు చిల్లంగి. ఈ మాటలు ఒక్కొక్కటీ మూడు సంగతులు చెబుతాయి. వచ్చింది ఎవరు, ఎవరు పిలిచారు, వచ్చినదాన్ని ఉంచుకోవాలా పంపాలా. హారర్ పుస్తకాల్లో నేను చూసిన ఏ పట్టికలోనూ ఇంత సూక్ష్మంగా లేదు.

ఈ మాటలు పట్టుకుని చూడండి. ‘అమ్మోరు’, ‘అరుంధతి’ ఒకే నిర్మాత, ఒకే దర్శకుడు తీసిన సినిమాలు. శ్యాంప్రసాద్ రెడ్డి, కోడి రామకృష్ణ. వీడియో షాపులో రెండూ ఒకే అరలో ఉండేవి. అమ్మోరు పూనకం కథ, పిలిస్తే వచ్చిన తల్లి కథ. ఆ సినిమా నడుస్తుంటే హాల్లో ఆడవాళ్లకు పూనకాలు వచ్చాయని విన్నాం. దెయ్యం సినిమాకు అలా రాదు. అరుంధతిలో వచ్చినవాడు గెంటవలసినవాడు. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ పట్టడం. ‘మణిచిత్రతాళు’ గంగను ఎవరూ పట్టలేదు, తానే వెళ్లి ఒక చచ్చిపోయిన ఆడదాని దుఃఖాన్ని పట్టుకుంది. దానికి మన దగ్గర ఇంకా మాట లేదు. మాస్టారు రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేసింది అందుకే అనుకుంటున్నాను. ఆ సినిమా మూడో గడికి తెలుగు మాట ఒకటి కావాలి.

ఇంత దూరం ఎందుకు వెళ్లానో ఒక్క మాటలో చెబుతాను. తెరమీది మనిషికి తప్పు పేరు పెడితే వాదన మిగులుతుంది. బతికున్న మనిషికి పెడితే ప్రాణం పోతుంది. బాణామతి చేసిందన్న అనుమానంతో ముసలమ్మలను కొట్టి చంపిన వార్తలు జిల్లా పేపర్లలో మనమే చదివాం. మనసు జబ్బుతో ఉన్న కూతురిని దర్గాకో గుడికో తిప్పి తిప్పి ఆస్పత్రికి తేవడం ఆలస్యమైన ఇళ్లు ఈ సభలో ఉన్నవాళ్లకు తెలుసు. మాస్టారికీ తెలుసు. అందుకే ఆ రాత్రి వాదన అయ్యాక ఆయన నర్సమ్మగారిని గుమ్మం దాకా సాగనంపుతూ, ఆస్పత్రిలో ఈ జబ్బుకి డాక్టరు ఏ రోజు వస్తారో అడిగి రాసుకున్నారు. నాలుగో గడి చివర, సినిమాకు సంబంధం లేకుండా, ‘గురువారం, పదింటికి’ అని ఉంది. నేను చూశాను.

పిల్లలకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. మాస్టారి నోటుబుక్కులు పదకొండు. వాటిని ఆయన ఇంటివారు ఈ లైబ్రరీకే ఇచ్చారు. బీరువా తాళంచెవి లైబ్రేరియన్ గారి దగ్గర ఉంటుంది. పదకొండో పుస్తకంలో సగానికి పైగా కాగితాలు ఖాళీ. వచ్చే శనివారం నుంచి మళ్లీ సినిమాలు వేస్తున్నాం, మొదటిది ‘మణిచిత్రతాళు’, ఈసారి తెలుగు అక్షరాలతో. చూసి వాదించుకోండి, తెల్లవార్లూ వాదించుకోండి. రాసేముందు మాత్రం ఇంటికి వెళ్లి, ఇలాంటిదాన్ని మన ఇంట్లో ఏమంటారని అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, ఆ మాట మూడో గడిలో రాయండి. నాలుగో గడి ఖాళీగా వదలకండి.